రాకెట్‌కీ నేలకీ మధ్య నాలుగు వేళ్లు

ఆ తొమ్మిదంతస్తుల ఆఫీసులో లిఫ్ట్ నడిపే ఆయన్ని అందరూ కెప్టెన్ అనేవారు. వేళాకోళానికి పెట్టిన పేరే అయినా ఆయన దాన్ని బిరుదులాగే పుచ్చుకున్నాడు. తప్పేముంది? ఐదో తరగతితో చదువాపేసినవాడు, ముప్ఫై నాలుగేళ్లుగా ఇత్తడి పిడి చేతబట్టి, ఒక్కనాడు కూడా లిఫ్టును గడపకు గోరంత పైనగానీ కిందగానీ ఆపలేదు. అలాంటివాడు ఇంకొకడుంటే చూపించమనండి! మీట నొక్కితే దానంతటదే ఆగే లిఫ్టుల సంగతి వేరు. ఇది చేతి ఒడుపుతో ఆపాల్సిన పాతకాలపు లిఫ్టు. నిండుగా నీళ్లున్న గ్లాసును కింద పెట్టి, చుక్క తొణక్కుండా తొమ్మిదో అంతస్తుకు చేర్చి పందెం నెగ్గిన మొనగాడాయన. తలుపు తీసిన ప్రతిసారీ "చూసుకుని దిగండి" అనడం మాత్రం మానలేదు. చూసుకోవాల్సిన అవసరం ఎవరికీ రాకపోయినా సరే.

ఇన్నేళ్లలో ఎంత దూరం తిరిగాడో కూడా లెక్కగట్టాడు. అరవై ఎనిమిది వేల కిలోమీటర్లు!

"చంద్రుడి దారిలో ఆరో వంతు దాటేశాను, తెలుసా?" అన్నాడొకసారి భార్యతో.

"దాటారు సరే, దాటిన ప్రతిసారీ మళ్లీ కిందికే వచ్చారుగా!" అందావిడ.

ఈ చంద్రుడి పిచ్చి పదకొండో ఏట పట్టుకుంది. అప్పుడు చూశాడొక రాకెట్ సినిమా. ఆ రాకెట్ అట్టముక్కలతో చేసిందని, దాన్ని పైకి లాగే దారం కనిపిస్తూనే ఉందని, గ్రహం మీది రాక్షసుడి వీపున బొత్తాలున్నాయని ఆయనకూ తెలుసు. అయినా ఏం? తలమీద గాజుబుడ్డి బోర్లించుకున్న కెప్టెన్ ఇత్తడి పిడి లాగగానే కుర్చీతో సహా తనూ ఎగిరిపోయాడు. అక్కడ హాజరుపట్టీ లేదు, ఎక్కాలు అడిగేవాళ్లు లేరు. ఎటు చూసినా చుక్కలు! తిరుగుప్రయాణంలో పిడి విరిగింది. రాకెట్ తలకిందులుగా భూమ్మీదికి దూసుకొస్తోంది. సరిగ్గా అప్పుడే హాల్లో కరెంటు పోయింది. మళ్లీ రాలేదు. మర్నాటికి సినిమా మారిపోయింది.

కెప్టెన్ దిగాడా, బూడిదయ్యాడా? నలభై ఆరేళ్లుగా ఆయన్ని తొలిచేస్తున్న ప్రశ్న ఇదొక్కటే.

ఆ కథనే లిఫ్టులో చెప్పేవాడు. అంతస్తులకు తగ్గట్టు అందేది. మూడో అంతస్తు వాళ్లకు రాకెట్ లేచిందాకానే తెలుసు. తొమ్మిదో అంతస్తు వాళ్లు మాత్రమే గ్రహం మీద కాలు పెట్టారు. రెండో అంతస్తులో కూర్చునే పెద్ద మేడమ్‌కు "పది, తొమ్మిది, ఎనిమిది" తప్ప ఇంకేమీ తెలియదు. ఏడు వినకముందే ఆవిడ దిగిపోయేది.

అలాంటిది ఆ సినిమా మళ్లీ వచ్చింది! ఊళ్లో పాత హాల్లో, ఒకే ఒక్క ఆట, మధ్యాహ్నం రెండింటికి. పోస్టరు చూసిన నాటినుంచి ఆయన కాళ్లు నేలమీద నిలవలేదు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి సగంరోజు సెలవు పెట్టాడు. ఆ పూటకు పిడిని బావమరిదికి అప్పగించాడు. అతను అదే ఆఫీసుకు వాచ్‌మన్.

"ఒరేయ్, కదులుతుండగా పిడి వెనక్కి తిప్పకు. ఫ్యూజు ఎగిరిపోతుంది."

"అక్కని ఇచ్చేటప్పుడు కూడా మా నాన్న నీకిన్ని జాగ్రత్తలు చెప్పలేదు బావా! ఇవాళ నువ్వు కెప్టెన్‌వి కాదు, ప్యాసింజర్‌వి. నోరు మూసుకుని నిలబడు."

ఒంటిగంటకు తొమ్మిదో అంతస్తునుంచి బయల్దేరారు. ఆరో అంతస్తులో పెద్ద మేడమ్ ఎక్కింది. ఐదు దాటుతుండగా ఆవిడ "అయ్యో, నా ఫైలు పైనే మర్చిపోయాను!" అంది. బావమరిది భక్తిగా పిడి వెనక్కి తిప్పాడు.

టప్పుమంది. లైటు పోయింది. లిఫ్టు ఐదుకూ నాలుగుకూ మధ్య వేలాడింది.

"తిప్పొద్దన్నానా లేదా!"

"పెద్ద మేడమ్ అడిగితే కాదంటానా బావా?"

మేడమ్ గోడకు అతుక్కుపోయింది. "నాకు మూసేసిన చోట ఊపిరాడదండీ," అంది సన్నగా. ఆఫీసంతా హడలిపోయే గొంతు అది! కెప్టెన్ గడియారం చూసుకున్నాడు, ఆవిడ మొహం చూశాడు. సినిమా సంగతి మింగేసి గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, మీరు ఎనిమిది దగ్గర దిగిపోయారు. ఏడునుంచి చెప్పనా?"

చెప్పాడు. రాకెట్ లేచిన మోత నోటితోనే మోగించాడు. బావమరిదిని రాక్షసుణ్ణి చేసి నాలుగు తన్నాడు, అందులో రెండు నిజంగానే తన్నాడు. చీకట్లో మేడమ్ నవ్వు ఆపుకోలేక నేలమీద కూలబడింది. "ఆ బొత్తాలు ఎవరు పెట్టారండీ వాడికి?" అని అడిగింది. ఊపిరి సంగతే మర్చిపోయింది. రెండింటి ఆట సంగతి మాత్రం బావమరిది నోరు జారడంతో ఆవిడకు తెలిసిపోయింది.

మెకానిక్ వచ్చేసరికి రెండున్నర దాటింది. పైనున్న మోటారు గదిలో చక్రాన్ని చేత్తో తిప్పుతూ లిఫ్టును అంగుళమంగుళం కిందికి దించాడు. నాలుగో అంతస్తు గడప ఇంకో జానెడు దూరంలో ఉండగానే తలుపు తెరుచుకుంది.

"దూకేద్దాం పదండి, మీ సినిమా అయిపోతోంది!" అంది మేడమ్.

కెప్టెన్ కదల్లేదు. మోకాళ్లు సినిమా వైపు లాగుతున్నాయి, చెయ్యి మాత్రం తలుపుకు అడ్డంగా నిలబడింది.

"నా లిఫ్టులోంచి ఇప్పటిదాకా ఎవరూ దూకలేదండీ." ఆపైన మెడ పైకెత్తి కేకేశాడు. "ఇంకాస్త దించవయ్యా! ఇంకా... ఇంకో వేలెడు... ఎక్కువైంది, గోరంత పైకి! ఆఁ!"

"గోరు కోసం పావుగంట పోయింది బావా," అని గొణిగాడు బావమరిది.

"చూసుకుని దిగండి," అన్నాడు కెప్టెన్.

మేడమ్ దిగింది. దిగి, తన డ్రైవర్‌ను పిలిచింది. "నన్ను గ్రహం మీద వదిలేసి పోతారా ఏమిటి? ఆ రాకెట్ ఏమైందో నాకూ తెలియాలి!"

హాల్లోకి బావమరిదితో సహా ముగ్గురూ పరిగెత్తుకొచ్చేసరికి తెరమీద పిడి అప్పటికే విరిగింది. రాకెట్ తలకిందులుగా వస్తోంది. కెప్టెన్ కూర్చోవడం కూడా మర్చిపోయి, నడవాలోనే నిలబడిపోయాడు. కరెంటు పోతుందేమోనని కళ్లు పైనున్న ఫ్యాను వైపు ఒకసారి వెళ్లొచ్చాయి. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

తెరమీది కెప్టెన్ తన బెల్టు విప్పి, విరిగిన పిడికి చుట్టి, పళ్లతో లాగాడు. రాకెట్ ఒక్క పల్టీ కొట్టి నిటారుగా నిలబడి, దారం మెరుస్తుండగా మెల్లమెల్లగా దిగింది. బతికాడు! తలుపు తెరుచుకుంది. నిచ్చెన జారుతూ వచ్చి ఆగింది, నేలకు సరిగ్గా నాలుగు వేళ్ల పైన.

ఆ నాలుగు వేళ్లూ హాలు మొత్తంలో ఒక్కడికే కనిపించాయి. తెరమీద వీరుడు ఆకాశం వంక చూస్తూ కాలు ముందుకు చాపాడు.

"చూసుకుని దిగండి సార్!"

ఆ కేకకు హాలు దద్దరిల్లింది. వీరుడు తడబడి, బోర్లా పడి, పడినందుకు గుర్తుగా నేలను ముద్దుపెట్టుకున్నాడు. జనం ఈలలు, చప్పట్లు. మేడమ్ పక్కవాళ్ల భుజం పట్టుకుని నవ్వుతోంది.

"ఇంకో గ్రహందాకా పోయొచ్చాడు, గడపకు ఆపడం చేతకాలేదు!" అన్నాడు కెప్టెన్. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆయనకే తెలియడం లేదు.

"బావా," అన్నాడు బావమరిది, "ఆ రాకెట్ నడిపింది నేనేనేమో!"

మర్నాడు పొద్దున మేడమ్ లిఫ్టెక్కింది. రెండో అంతస్తు రాగానే కెప్టెన్ గోరంత తేడా లేకుండా ఆపి, తలుపు తీశాడు.

"మీ అంతస్తు వచ్చిందండీ. చూసుకుని దిగండి."

"తెలుసులెండి," అందావిడ, కదలకుండా. "తొమ్మిదికి పోనివ్వండి. ఏడునుంచి మళ్లీ చెప్పండి."