త్రీనాట్‌త్రీతో పొయ్యి రాజేసిన రాజవ్వ

యుద్ధకాలంలో ఐదేళ్లు పటాలంలో తుపాకులు బాగుచేశాను. కరీంనగర్ తిరిగొచ్చి కుట్టుమిషన్లు బాగుచేసుకుంటున్నా, ఏ తుపాకి ఏ దేశానిదో చూడగానే చెబుతానన్న పేరు మాత్రం పోలేదు. ఆ పేరే నన్ను గోదావరి దాటించింది. అవతలి ఒడ్డున ఒక చిన్న ఠాణా నుంచి అక్కడి పోలీసు అధికారి అమీన్ సాబ్ చీటీ పంపారు. మల్లయ్య అనే రైతు గట్టు తగాదాలో పక్క చేనువాడిని "మా ఇంట్ల మిలిట్రీ తుపాకి ఉన్నది!" అని బెదిరించాడట. సోదా చేస్తే ఒక ఇనుప గొట్టం దొరికింది. మల్లయ్యను లోపల వేశారు. ఆ గొట్టం ఏమిటో నేను తేల్చాలి.

ఉదయం ఏడింటి బస్సెక్కితే పదిన్నరకు ధర్మపురి. టికెట్టు రెండు రూపాయల లోపే, దుమ్ము మాత్రం ఉచితం, రుమాలు మరవకండి. రేవులో పడవకు నాలుగణాలు. నా సంచిలో భూతద్దం, గొట్టాలు తుడిచే కడ్డీ చూసి పడవవాడు "డాక్టర్ సాబా?" అన్నాడు.

"తుపాకుల డాక్టర్ని."

"అయితే జర నడుమ కూసోండ్రి. పడవ మునిగితె మీ వైద్యం పనికిరాదు."

అక్కడి నుంచి మూడు మైళ్లు ఎడ్లబండి. ఒంటిగంటకు ఠాణా చేరాను. మెట్ల మీద మల్లయ్య తల్లి రాజవ్వ కూర్చుని ఉంది.

"నా ఊదుగొట్టం ఇప్పిస్తవా సారూ? రెండు దినాలాయె, పొయ్యిల పొగే గని మంట లేదు."

పోలీసు చర్య జరిగిన ఏడు ఎవరో భయపడి వాగులో పారేసిన తుపాకి అది, తర్వాత మల్లయ్యే చెప్పాడు. కట్టె కుళ్లిపోతే మిగిలిన గొట్టాన్ని మల్లయ్య తల్లికి తెచ్చిచ్చాడు. లోపలి మసి తుడవడానికే నాకు అరగంట పట్టింది. వెలుతురుకు పెట్టి చూస్తే, గుండు తిరగడానికి చెక్కిన గాడులు ఐదు, ఎడమకు మెలి తిరిగి ఉన్నాయి. జర్మన్ మౌజర్‌కైతే నాలుగే, అవీ కుడికి.

"త్రీనాట్‌త్రీ ఎన్‌ఫీల్డ్, సాబ్! ఇంగ్లండుది, అసలు సిసలుది!" అన్నాను గర్వంగా. అమీన్ సాబ్ కలం తీశారు.

"తుపాకే అంటివా, కొడుకా?" అంది రాజవ్వ. నా తెలివి ఒక మనిషిని జైలుకు పంపబోతోందని అప్పుడు తట్టింది. గొట్టం మళ్లీ తిప్పి చూశాను. గాలి జోరుగా రావాలని కమ్మరి దాని మూతిని సుత్తితో కొట్టి సన్నం చేశాడు. అందులోంచి గుండు కాదు కదా, బియ్యపు గింజ కూడా కష్టంగా బయటికొస్తుంది.

"సాబ్, ఇది కాల్చదు. ఊదుతుంది."

"రుజువేంది?" అన్నారాయన.

రాజవ్వ గొట్టం లాక్కుని, ఠాణా చాయ్ పొయ్యి ముందు కూర్చుని ఒక్క ఊపిరి ఊదింది. మంట భగ్గున లేచింది. బూడిద అమీన్ సాబ్ మీసాల మీద పడింది. జవాన్లు నవ్వు ఆపుకోలేకపోయారు, చివరికి ఆయన కూడా. "పనికిరాని ముక్క" అని రాసి మల్లయ్యను వదిలేశారు. తుపాకి ముక్కే కనుక గొట్టం మాత్రం ఇవ్వడం కుదరదన్నారు. రాజవ్వ లేవనంది. కమ్మరి దగ్గర నుంచి కొత్త గొట్టం తెప్పించాల్సి వచ్చింది. ఆమె ఊది చూసి, "గాలున్నది గని దమ్ము లేదు," అని కొడుకు వైపు తిరిగింది. "నీ నోరు జర చిన్నగుంటె నా గొట్టం నాకే ఉంటుండె."

పటాలంలో వేల తుపాకులు పరీక్షించాను. తుప్పుందా, గురి సరిగా ఉందా అనే చూశాను తప్ప, ఆ తర్వాత అవి ఎవరి చేతికి పోయాయో, ఎవరి ప్రాణం తీశాయో ఎన్నడూ అడగలేదు. నేను గుర్తుపట్టిన వాటిలో ఒక మనిషిని ఇంటికి పంపించింది ఇదొక్కటే. ఇక ఆ వైపు వెళ్లేవాళ్లకు ఒక మాట: తిరుగు పడవ చివరిది సాయంత్రం ఐదింటికి, నాలుగున్నరకే రేవులో ఉండండి. నేను ఐదుంపావుకు చేరి, అది అవతలి ఒడ్డుకు చేరడం తీరిగ్గా చూశాను.