నోట్లో గుండుసూదులు

వీధి చివరి టైలరుకి జవాబు చెప్పడం ఇష్టంలేని ప్రశ్న ఎదురైతే గుండుసూదులు నోట్లో పెట్టుకుంటాడు. "చొక్కా ఎప్పుడిస్తావు?" అని అడిగితే పెదాల మధ్య అరడజను సూదులతో "ఊఁ" అంటాడు. ఆ ఊఁ రేపో, వచ్చే నెలో ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి. మనసు విప్పి మాట్లాడేది ఒక్క ఉడతతోనే. అది కొట్టు బోర్డు వెనక గూడు పెట్టింది. పొద్దస్తమానం దారప్పోగులూ గుడ్డపీలికలూ నోట కరుచుకుని పైకి మోస్తుంది. ఎదురొస్తే తోక ఝాడించి కిచకిచమని కసురుతుంది. "ఈ కొట్టు నాదే తల్లీ," అంటాడు మెత్తగా.

మొన్న ప్లీడరుగారి కొత్త కోటు కిటికీకి తగిలించి భోజనానికి వెళ్లొచ్చేసరికి ఎడమ భుజం కుట్టు విడిపోయి ఉంది, లోపలి దూది లేదు. గబగబా పైపైన కుట్టేశాడు. సాయంత్రం ప్లీడరుగారు అది తొడుక్కుని అద్దంలో చూసుకున్నారు.

"ఒక భుజం దిగిందేమిటోయ్?"

"మీ భుజమే దిగిందండీ. ఫైళ్లన్నీ అటే మోస్తారు కదా. రేపటికి సర్దేస్తాను."

ఆయన వెళ్లగానే దూది వెనక్కి తెద్దామని స్టూలెక్కి బోర్డు వెనక్కి తొంగిచూశాడు. దూదిలో ఇంకా కళ్లు తెరవని పిల్లలు మూడు, ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కిందికి దిగి, కోటు కుడి భుజం విప్పి, అందులో దూది కూడా లాగి కిటికీలో పెట్టాడు.

మర్నాడు ప్లీడరుగారు అద్దం ముందు అటూ ఇటూ తిరిగారు.

"ఇప్పుడు రెండూ సమంగా కుదిరాయి. దూది గట్టిగా దట్టించావా?"

టైలరు గుండుసూదుల డబ్బా అందుకున్నాడు.