ఆయుధ పూజకు ఆపని సర్వరు

అనంతపురం నుంచి గుత్తికి పోయే దారిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. రెండు వేల దశకం మొదట్లో అక్కడ కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాణ్ణి. పిల్లల ప్రాజెక్టులన్నీ ఉండేది ఒకే ఒక్క సర్వరులో. అది పోతే వాళ్ల మార్కులు పోయినట్టే. దానికి ఏ లైనక్సు వేయాలన్నది తేల్చడానికి మాకు ఒక వేసవి పట్టింది. లైనక్సు ఒక్కటే అయినా ఒక్కొక్కరు ఒక్కో రకంగా సర్ది సీడీల్లో ఇచ్చేవారు; ఆ రకాలనే డిస్ట్రిబ్యూషన్లు అంటారు. తోటి లెక్చరరుకు పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ మీద ప్రాణం. ప్రిన్సిపాలుగారు అన్నిటికన్నా కొత్తది వేయమన్నారు. ఆయన ప్రెషర్ కుక్కరు కొన్నా అంతే. నేను మాత్రం పాతదే కావాలని భీష్మించుకు కూర్చున్నాను. మార్పులు తక్కువ, తప్పులు దిద్ది దిద్ది గట్టిపడ్డది, సర్వరుకు అదే మేలని ప్రతి మీటింగులోనూ పురాణం విప్పాను. నా వాదన నెగ్గిందని కాదు, వినలేక వాళ్లు వదిలేశారు.

ఎంపిక సరైనదే. అది ఒక్కసారీ మొరాయించలేదు. ఎన్ని రోజులుగా ఆగకుండా నడుస్తోందో చెప్పే కమాండు ఒకటుంది. పొద్దున టీ తాగకముందే అది కొట్టి చూసుకునేవాణ్ణి. వచ్చినవాళ్లకూ చూపించేవాణ్ణి, బిడ్డ ప్రోగ్రెస్ కార్డు చూపించినట్టు.

దసరాకు ముందు అటెండరు వచ్చాడు. శెనక్కాయల మిల్లులో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చిన ముసలాయన. మా వైపు ఆయుధ పూజకు మిషన్లన్నీ ఆపి, విప్పి, శుభ్రం చేశాకే కుంకుమ పెడతారు. టైలరు కుట్టుమిషను నుంచి బోరు బండి దాకా అందరిదీ అదే పద్ధతి.

"సార్, దీన్ని ఒక పూట నిలుపుదాం. మూత తీసి దుమ్ము దులపల్ల. ఈడ గాలి ఎట్లుంటాదో మీకు తెలీదా?"

తెలుసు. ఆషాఢంలో మా కీబోర్డులు ఎర్రబడేవి. కానీ ఆపితే నా రోజుల లెక్క సున్నాకు పడిపోతుంది. మిల్లు వేరు, సర్వరు వేరని ఆయనకు పాఠం చెప్పాను. ఆయన నడుస్తున్న డబ్బాకే బంతిపూల దండ వేసి వెళ్లిపోయాడు. మరుసటి ఏడూ అదే అడిగాడు, నేనూ అదే పాఠం చెప్పాను.

ఆ తర్వాతి వేసవిలో, ఫైనలియర్ వాళ్ల ప్రాజెక్టు పరీక్ష వారం ఉందనగా సర్వరు ఆగిపోయింది. మూత తీస్తే ఫ్యాను రెక్కలు ఎర్రదుమ్ములో కూరుకుపోయి ఉన్నాయి. వేడికి హార్డ్ డిస్కు పోయింది. బ్యాకప్ లేకపోలేదు, అదే డిస్కులో ఇంకో ఫోల్డరులో ఉంది. అటెండరు గుడ్డ తెచ్చి డబ్బా తుడిచాడు, నా వైపు చూడలేదు. రెండు మాటలు తిట్టి ఉంటే బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

మడకశిర నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివే ఒక అమ్మాయి తలుపు దగ్గర నిలబడింది. నాలుగు నెలలు కూర్చుని రాసిన ప్రోగ్రాం ఆమెది.

"ఫ్లాపీలో పెట్టుకుంటామంటే మీరే వద్దంటిరి కదా సార్. సర్వరు ఎప్పటికీ పడదంటిరి. ఇప్పుడు యాడనుంచి తెచ్చేది?"

ఆమె ఏడవలేదు. నా నోటి నుంచి ముందుగా వచ్చిన మాట, తప్పు లైనక్సుది కాదమ్మా అని.