ఊగుడు బండి మీద రెండు నివేదికలు

పల్నాడు కొత్త జిల్లాగా ఏర్పడిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను మాచర్ల ప్రాంతానికి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌గా బదిలీ చేశారు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లు ఉంది. జనం మమ్మల్ని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటారు. లైసెన్సు పరీక్షలు పెట్టడం, లారీలకు, బస్సులకు ఫిట్‌నెస్ ఇవ్వడం మా పనులని అందరికీ తెలుసు. మూడో పని ఒకటుంది. ప్రమాదం జరిగితే పోలీసులు మాకు లేఖ రాస్తారు. మేం స్టేషన్‌కు వెళ్లి ఆ బండిని పరీక్షించి, ప్రమాదానికి బండిలోని యాంత్రిక లోపం కారణమా కాదా చెప్పాలి. ఆ కాగితం మీద చానామంది తలరాత ఆధారపడి ఉంటుందని నాకు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే తెలుసు. తెలిసీ చేసిన తప్పు గురించే ఇక్కడ రాస్తున్నాను.

నేను చేరిన వేసవిలోనే మాచర్లలో రెండు కంపెనీలు పోటాపోటీగా ఒకే రకం బండిని దించాయి. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి, సీటు వెనక సామాన్ల పెట్టె, నడిచేది బ్యాటరీ మీద. ఆటోలాగా నిటారుగా ఉండి మలుపు తిరగదు. మోటార్ సైకిల్‌లా పక్కకు ఒరిగి తిరుగుతుంది, ముందు చక్రాలు రెండూ దాంతోపాటే ఒరుగుతాయి. జనం దానికి ఊగుడు బండి అని పేరు పెట్టేశారు. కంపెనీల పేర్లు ఇక్కడ రాయను. ఊళ్లో కూడా ఎవరూ ఆ పేర్లతో పిలవలేదు. ఒకటి ఎర్ర బండి, రెండోది నీలం బండి. షోరూములు రోడ్డుకు అటొకటి, ఇటొకటి.

ఒరిగే బండితో ఒక చిక్కుంది. ఆగితే పక్కకు పడిపోతుంది. అలా పడకుండా ముందు చక్రాల మధ్య టిల్ట్ లాక్ అని ఒకటి పెడతారు. అది పడిందంటే బండి ఏ వాలులో ఉంటే ఆ వాలులోనే బిగిసి నిలబడుతుంది. నీలం బండికి దాన్ని చేత్తో నొక్కాలి. ఎర్ర కంపెనీ వాళ్లు ఆటోమేటిక్ చేశారు. బండి ఆగగానే లాక్ దానంతటదే పడుతుంది, యాక్సిలరేటర్ తిప్పగానే విడిపోతుంది. 'కాలు కింద పెట్టక్కర్లేదు' అని ఊళ్లో గోడలన్నిటి మీదా రాయించారు. బరువు వేసుకుని సందుల్లో తిరిగేవాళ్లకు ఆ ఒక్క మాట చాలింది. నీలం బండ్ల డీలరు సుబ్బారావు శెట్టి తన షోరూములో ఈగలు తోలుకుంటూ ఎదుటి షోరూము గిరాకీ చూస్తూ కూర్చునేవాడు.

అలా ఎర్ర బండి కొన్నవాళ్లలో దుర్గి ఊరి శిల్పి బ్రహ్మాచారి ఒకడు. రాతితో చిన్న చిన్న విగ్రహాలు చెక్కి మాచర్ల కొట్లకు తెచ్చి వేసేవాడు. మే నెలలో ఒక ఉదయం పెట్టెలో రెండు వినాయకుళ్లను పెట్టుకుని, వెనక భార్య రమణమ్మను ఎక్కించుకుని బయల్దేరాడు. క్వారీ దారి వచ్చి రోడ్డులో కలిసే మలుపు దగ్గర మేకలు అడ్డం వచ్చాయి. బ్రేకు వేశాడు. బండి ఎడమకు ఒరిగినట్టే ఒరిగి, రోడ్డు దిగిపోయి, కల్వర్టు గోడకు కొట్టుకుంది. రమణమ్మ తల గోడకు తగిలి అక్కడికక్కడే ప్రాణం పోయింది. ఆమె అన్న వెంకటాచారి స్టేషన్‌కు వెళ్లి, బావ ఒళ్లు తెలియకుండా నడిపి తన చెల్లెల్ని చంపాడని ఫిర్యాదు ఇచ్చాడు. పోలీసులు 304-ఎ కింద, అంటే నిర్లక్ష్యంతో మరణానికి కారణమైనందుకు, కేసు కట్టారు. ఎనిమిదేళ్ల కూతుర్ని వెంకటాచారి తన ఇంటికి తీసుకుపోయాడు.

మూడో రోజు నేనూ, మా అసిస్టెంట్ ఇన్‌స్పెక్టర్ సునీతా స్టేషన్‌కు వెళ్లాం. బండి ముందు మడ్‌గార్డు వంగింది, అద్దం పగిలింది, అంతకుమించి దెబ్బ లేదు. బ్రహ్మాచారి నుదుటికి కట్టుతో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"బండి బిగుసుకుపోయిందయ్యా. హ్యాండిలు తిప్పినా అది లేవలా. అట్నే పక్కకు లాక్కపోయింది" అన్నాడు.

నా ఉద్యోగంలో ఈ మాట లెక్కలేనన్ని సార్లు విన్నాను. బ్రేకు పడలేదనీ, స్టీరింగు పట్టేసిందనీ ప్రతి డ్రైవరూ అంటాడు. తల ఊపి నా పని నేను మొదలుపెట్టాను. మా ఫారంలో గడులుంటాయి. బ్రేకులు, స్టీరింగు, టైర్లు, లైట్లు, హారను. ఒక్కొక్కటీ చూసి రాయాలి. అన్నీ చూశాను. బండిని స్టేషన్ ఆవరణలో రెండు చుట్లు తిప్పాను. బ్రేకు బ్రహ్మాండంగా పడింది. ఆపితే టిల్ట్ లాక్ పడింది, యాక్సిలరేటర్ తిప్పితే విడిపోయింది. ఏ లోపమూ కనబడలేదు. సునీత మాత్రం ఒక మాట అడిగింది. "సార్, ఈ లాక్‌ను బండి ఒరిగి నడుస్తున్నప్పుడు చూడొద్దా?" ఫారంలో దానికి గడి లేదమ్మా అన్నాను. అడుగున నేను వందల నివేదికల్లో రాసిన వాక్యమే మళ్లీ రాసి సంతకం పెట్టాను. 'ప్రమాదం వాహనంలోని యాంత్రిక లోపం వలన జరగలేదు.'

ఆ వారంలోనే సుబ్బారావు శెట్టి మా ఆఫీసుకు వచ్చాడు. చేతిలో తన కంపెనీ ఇంజినీరు రాసిన రెండు పేజీల కాగితం ఉంది. అందులో ఉన్నది ఇంతే. ఎర్ర బండి తన వేగాన్ని వెనక చక్రం ఒక్కదాని నుంచే తెలుసుకుంటుంది. గులకరాళ్ల మీద బ్రేకు వేస్తే వెనక చక్రం తిరగడం మానేసి జారుతుంది. చక్రం తిరగడం లేదు కాబట్టి బండి ఆగిపోయిందనుకుని కంప్యూటరు లాక్ వేసేస్తుంది. బండి అప్పటికి ఒరిగి పరుగెత్తుతూనే ఉంటుంది. తమ ఆటోమేటిక్ లాక్ ఆలస్యం కావడానికి కారణం ముందు చక్రాల వేగాన్ని కూడా చూసేలా చేస్తుండటమేనని చివర్లో రాశాడు.

నేను ఆ కాగితం సగం చదివి శెట్టి మీద విరుచుకుపడ్డాను. ఆడమనిషి చచ్చిపోయి వారం కాలేదు, శవం మీద బండ్లు అమ్ముకుంటావా అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. "అమ్ముకుంటానయ్యా, అమ్ముకునేవాణ్ణి గనకే ఎదుటోడి బండి సంగతి నాకు తెలిసింది. అబద్ధమైతే మీరే చూసి తేల్చండి" అని కాగితం బల్ల మీద పెట్టి పోయాడు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఏ డీలరుకూ నా ఎదుట కుర్చీ వేయలేదని నాకు గర్వం. ఆ గర్వంతోనే కాగితాన్ని సొరుగులో పడేశాను.

కేసు చార్జిషీటు దాకా వెళ్లింది. మామూలుగా ఇలాంటి కేసుల్లో నన్ను సాక్షిగా పిలుస్తారు, డిఫెన్సు లాయరు ఏం చూశావు, ఏం చూడలేదు అని గుచ్చి గుచ్చి అడుగుతాడు. ఈ కేసులో పిలుపు రాలేదు. ఆ సంవత్సరం చలికాలంలో వాకబు చేస్తే తెలిసింది, బ్రహ్మాచారి నేరం ఒప్పుకున్నాడని. మూడు నెలల శిక్ష పడింది. ఒప్పుకున్నాడంటే తప్పు చేశాడన్నమాటే కదా అని నిజంగానే కాస్త ఊరట పడ్డాను. ఈ ముక్క రాయడానికి సిగ్గుగా ఉంది.

మిరప కోతల కాలంలో రాజుపాలెం దగ్గర ఇంకో ఎర్ర బండి పడింది. అది నా పరిధి కాదు, కానీ అక్కడి ఇన్‌స్పెక్టర్ సెలవులో ఉండటంతో నన్ను పంపారు. నడిపినవాడు పాలు పోసేవాడు. కాలు విరిగి ఆసుపత్రిలో పడుకుని ఉన్నాడు. ఎలా జరిగిందని అడిగాను. "ఏందో సారూ, మలుపులో బండి బిగుసుకుపోయింది. ఎంత లేపినా లేవలా" అన్నాడు. దుర్గి మనిషికీ ఇతనికీ ముఖ పరిచయం కూడా లేదు. ప్రమాద స్థలానికి వెళ్లి చూస్తే మలుపు నిండా టిప్పర్ల నుంచి రాలిన కంకర ఉంది. రమణమ్మ పోయింది కూడా క్వారీ దారి కలిసే మలుపులోనే.

సొరుగులోంచి శెట్టి ఇచ్చిన కాగితం తీశాను. కేసులో ఉన్న బండిని ప్రయోగాలకు వాడకూడదు కాబట్టి, అదే మోడల్ ఉన్న ఒక కిరాణా వ్యాపారిని బతిమాలి బండి తెచ్చుకున్నాం. లైసెన్సు పరీక్షలు పెట్టే ట్రాక్ మీద రెండు గంపల కంకర పోయించాను. ముందు పొడి నేల మీద తిప్పాను. ఏమీ కాలేదు. తర్వాత కంకర మీద ఎడమకు ఒరిగి వెనక బ్రేకు నొక్కాను. వెనక చక్రం జారింది. కాళ్ల ముందు టక్కుమని చప్పుడైంది. అంతే, హ్యాండిలు తిప్పుతున్నాను, బండి మాత్రం లేవడం లేదు. స్తంభానికి కట్టేసినట్టు ఆ వాలులోనే బిగుసుకుని పక్కకు లాక్కుపోయి నన్ను పడేసింది. మోచేతి తోలు లేచిపోయింది. నేలమీద పడి ఉండగా నా చెవిలో బ్రహ్మాచారి మాటే వినిపించింది. సునీత అంతా ఫోన్‌లో రికార్డు చేసింది. తొమ్మిది నెలల కింద తను అడిగిన ప్రశ్నను ఆమె గుర్తు చేయలేదు. చేసి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఆ రోజే రెండో నివేదిక రాశాను. దుర్గి ప్రమాదానికి కూడా ఇదే కారణమై ఉండవచ్చని, నా మొదటి పరీక్ష అసంపూర్ణమని రాసి, పై అధికారులకూ, పోలీసులకూ, కోర్టుకూ పంపాను. ఎర్ర కంపెనీ నుంచి ఇద్దరు ఇంజినీర్లు వచ్చారు. వాళ్లలో పెద్దాయన టీ తాగుతూ దాపరికం లేకుండా చెప్పాడు. రెండో సెన్సరు పెడితే అనుమతి పరీక్షలు మళ్లీ మొదటి నుంచి జరగాలనీ, ఆలోపు నీలం బండి బజారులోకి వచ్చేస్తుందని పైవాళ్లు తొందరపెట్టారనీ. ఆ తర్వాత సర్వీసుకు వచ్చిన ప్రతి ఎర్ర బండికీ ముందు చక్రానికి ఒక సెన్సరు తగిలించి పంపారు. అదెందుకో యజమానులకు చెప్పలేదు. సుబ్బారావు శెట్టి ఎక్కడ సంపాదించాడో, నా రెండో నివేదికను నా సంతకంతో సహా కరపత్రంగా వేసి ఊరూరా పంచాడు. కింద నీలం బండి బొమ్మ.

ఆ నివేదిక నకలు తీసుకుని దుర్గి వెళ్లాను. బ్రహ్మాచారి శిక్ష పూర్తి చేసుకుని వచ్చి నెలయింది. ఇంటి ముందు పందిట్లో నంది చెవి చెక్కుతున్నాడు. లేచి నిలబడి నాకు స్టూలు వేశాడు. కాగితంలో ఉన్నదంతా చదివి వినిపించి ఆయన చేతికిచ్చాను. తప్పు నాదేనని చెప్పాను. ఆయన ఉలి కింద పెట్టాడు.

"మరి నేను ఆ రోజే చెప్పాను గదయ్యా, బిగుసుకుపోయిందని."

"చెప్పావు."

"మీరు బండిలో ఏ లోపమూ లేదని రాశారంట. లాయరు చదివి చెప్పాడు. అంత పెద్ద సారు చూసి రాసినాక అబద్ధమెట్లా అవుద్ది? నాకే ఆ కంగారులో అట్టా అనిపించిందేమో, నా చేతులే సరిగా తిరగలేదేమో అనుకున్నా. జడ్జిగారి ముందు అందుకే ఒప్పుకున్నా. మా బావ కాడికి పోయి కూడా అదే చెప్పా, అవును బావా, నేనే చంపాను అని."

క్షమించమన్నాను. ఆయన కాగితాన్ని మడిచి తిరిగి నా చేతికే ఇచ్చాడు. "నాకెందుకయ్యా ఇది. మా బావకియ్యండి. పాప ఆ ఇంట్లో ఉంది" అన్నాడు.

వెంకటాచారి ఇల్లు అదే వీధిలో నాలుగిళ్ల అవతల. ఆయనా శిల్పే. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు. కాగితం అందుకుని రెండు వాక్యాలు చదివి లోపలికి వెళ్లి, నీలం బండి బొమ్మ ఉన్న కరపత్రం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇది పది రోజుల కిందనే వచ్చింది సారూ. బండ్లమ్మేవాళ్లు పంచిపోయారు. మొదటి కాగితం మీదా మీ సంతకమే, దీని మీదా మీ సంతకమే. ఏది నమ్మమంటారు?"

రెండోది నిజమని, నేనే బండి మీద నుంచి పడి తెలుసుకున్నానని చెప్పాను. మోచెయ్యి మీద మచ్చ కూడా చూపించాను.

"చంపానని వాడి నోటితో వాడే చెప్పాడు. ఇప్పుడు బండ్ల కంపెనోళ్లు కొట్టుకుంటుంటే మీరు మాట మారుస్తారు. మీరు పోండి" అన్నాడు. ఆయన వెనక వాకిట్లో ఆడపిల్ల ఒకతె నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని మమ్మల్నే చూస్తోంది. తలుపు వేసేశాడు.

ఆయన మీద కోపం తెచ్చుకునే అర్హత నాకు లేదు. అమ్మేవాడి చేతి నుంచి వచ్చిందన్న ఒక్క కారణంతో నేను ఒక నిజాన్ని తొమ్మిది నెలలు సొరుగులో పెట్టాను. ఆయన చేసిందీ అదే.

నేను రిటైరయ్యే నాటికి పాప మేనమామ ఇంట్లోనే ఉంది. బ్రహ్మాచారి తీర్పు మీద పైకోర్టుకు వెళ్లమంటే వెళ్లలేదు. రెండు కంపెనీల బండ్లూ మాచర్లలో బాగానే అమ్ముడుపోతున్నాయి.

ఈ సంఘటన నాకు నేర్పిన పని ఒకటే. ఆ తర్వాత రాసిన ప్రతి నివేదికలో, ఫారంలో గడి లేకపోయినా, అడుగున ఒక వాక్యం చేతిరాతతో చేర్చాను. 'నేను పరీక్షించని భాగాలు ఇవి' అని. దుర్గి నివేదికలో ఆ వాక్యం రాసి ఉంటే అందులో ఒక్క పేరే ఉండేది. ఒరిగి నడిచేటప్పటి టిల్ట్ లాక్. లాయరు చదివి వినిపించినప్పుడు బ్రహ్మాచారి తన మాట తాను నమ్మడానికి ఆ ఒక్క పేరు సరిపోయేది.