థర్మాకోల్ పెట్టెలో చేపలు కావండీ!

నిన్న గూడెం బస్సులో నాకు జరిగింది వింటే మీకూ ఒళ్ళు మండుతుందండీ. నాకైతే ఇంకా మండుతూనే ఉంది!

మా అన్నయ్య కూతురు సునీత తాడేపల్లిగూడెంలో రిసెర్చ్ చేస్తోంది. తన ల్యాబుకి రావాల్సిన పార్సిల్ ఏలూరు కొరియర్ ఆఫీసులోనే ఆగిపోయింది. "బాబాయ్, మీరు ఏలూరులోనే ఉన్నారుగా, తెచ్చిపెట్టరూ? ఐసులోనే ఉండాలి. అది అందకపోతే నేను పెంచుతున్న కణాలన్నీ చచ్చిపోతాయి" అంది, ఏడుపు ఒక్కటే తక్కువ. సరేనని ఆ తెల్లటి థర్మాకోల్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను.

అంతే! "మాస్టారూ, రొయ్యలా? చేపలా?"

కొల్లేరు పక్కన థర్మాకోల్ పెట్టె పట్టుకోవడం నేరమా అండీ? కండక్టరు అడిగాడు. ముందు సీటు మామ్మగారు అడిగారు. డ్రైవరు కూడా అద్దంలోంచి అడిగాడు!

"చేపలు కావండీ! కణాల్ని ఎదగమని చెప్పే ప్రోటీను. మనిషిది. బ్యాక్టీరియా చేత తయారు చేయిస్తారు. కాకి గూట్లో కోయిల గుడ్డు పెట్టినట్టు, మనిషి జన్యువుని అందులో పెడితే తనదేననుకుని చేసిపెడుతుంది."

"అయితే గుడ్లా బాబూ?" అన్నారు మామ్మగారు. "ఆ బ్యాక్టీరియా ఏదీ, కనపడదే?"

"కంటికి కనపడనంత మాత్రాన లేదనుకోకూడదు మామ్మగారూ!" గట్టిగానే చెప్పాను.

పక్క సీట్లో మండవల్లి రొయ్యల రైతు సత్తిబాబుగారు. "ఎదగడానికాండీ? మా చెరువులో రొయ్య బొత్తిగా ఎదగట్లేదు. ఓ చిటికెడు ఇద్దురూ!"

భీమడోలు దగ్గర టైరు పంక్చరు. "ఐసు కరిగిపోద్దండీ, పక్కనే మావాళ్ళ చేపల షెడ్డుంది" అని సత్తిబాబుగారు లాక్కెళ్ళారు. అక్కడ మూత తీశాను. లోపల చిటికెన వేలంత సీసా. వెలుగుకి ఎత్తి చూశాను. ఖాళీ! తిరగేశాను, కుదిపాను. ఏమీ లేదు!

"ఎంత మోసమండీ! పసిపిల్లని చేసి ఖాళీ సీసా అంటగడతారా?" సునీతకి ఫోన్ చేస్తే ఎత్తదు. సాక్ష్యానికని సీసాని చొక్కా జేబులో వేసుకున్నాను.

"ఊరుకోండి మాస్టారూ. అమ్మాయి దగ్గరికి ఐసు పెట్టె ఖాళీగా పట్టుకెళ్తారా?" అంటూ సత్తిబాబుగారు అందులో ఓ కొర్రమేను పెట్టించి, పైన దిట్టంగా ఐసు పోయించారు.

ల్యాబులో ప్రొఫెసరుగారి ఎదుటే సునీత మూత తీసింది. కొర్రమేను సునీతకేసి చూసింది.

"సీసా ఏది బాబాయ్?"

"ఖాళీదమ్మా! వాళ్ళని వదలకూడదు!" అంటూ చెమటకి తడిసిన జేబులోంచి తీశాను.

"ఖాళీ కాదు బాబాయ్! ప్రోటీనుని ఆరబెట్టి పంపుతారు, అడుగున అంటుకుని ఉంటుంది. కంటికి కనపడదంతే!"

మామ్మగారికి చెప్పిన పాఠం తిరిగి నాకే వచ్చింది.

పొడిగా ఉన్నది కాసేపు ఓర్చుకుంటుందిలే అంటూ సునీత పరుగున ఫ్రీజరులో పెట్టింది. కణాలు కులాసాగానే ఉన్నాయని పొద్దున్న ఫోన్ చేసింది. అంతవరకు నాకు నిద్ర లేదు.

ఇంతకీ, ల్యాబులో చేప ఉండకూడదని ప్రొఫెసరుగారు పెట్టె నాకే తిరిగిచ్చేశారు. తిరుగు బస్సులోనూ అదే కండక్టరు. నన్ను చూడగానే, "జరగండి, జరగండి! మాస్టారి పెట్టెలో చేపలు కావు, సైన్సు!" అని కేకేసి మరీ సీటిప్పించాడు.

చేపల నీళ్ళు ప్యాంటు మీద కారుతుంటే, అవునండీ అన్నట్టు తలూపి కూర్చున్నాను.