సుగుణమ్మ గారి మెత్తల పైజమాలు

ఉతికి ఆరేసిన పాత నూలు చీర మీద ఇస్త్రీపెట్టె పెడితే ఒక వాసన వస్తుంది. కొంచెం గంజి, కొంచెం ఎండ, కొంచెం ఎవరింటిదో తెలియని సబ్బు. ఈ పొద్దున అలాంటి చీరొకదాన్ని మడతలు వేస్తుంటే ఆ వాసన తగిలి నా చేతులు ఆగిపోయాయి. ముక్తేశ్వరంలో సుగుణమ్మ గారి కుట్టు దుకాణంలో ఆ వాసన మధ్యే నాలుగేళ్ళు కూర్చున్నాను. ఆవిడ పోయి రెండేళ్ళవుతోంది. ఆవిడ కుట్టిన బట్టలు మీరు చూసి ఉండరు. చూసే అవకాశం కూడా లేదు, ఎందుకంటే అవి నైటీల కిందా చీరల కిందా లుంగీల కిందా దాక్కునే బట్టలు. వాటిని మేము మెత్తల పైజమాలనేవాళ్ళం.

చూడ్డానికి మామూలు పైజమాయే. మోకాళ్ళ దగ్గర మాత్రం లోపలివైపు అరచేతికన్నా కాస్త పెద్ద మెత్త ఉంటుంది. మోకాళ్ళ మీద ఉండి పనిచేసేవాళ్ళ కోసం అది. మస్కట్టుకీ కువైట్‌కీ ఇంటిపనికి వెళ్ళే మా కోనసీమ ఆడవాళ్ళు ప్రయాణానికి వారం ముందు ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళు. టైల్స్ పరిచే మేస్త్రీలు వచ్చేవాళ్ళు. గంటల తరబడి మోకరించి ప్రార్థన చేసుకునే మామ్మగార్లు మనవరాళ్ళని వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళు.

నేను వెళ్ళింది మాత్రం డిజైన్ జాకెట్లు నేర్చుకుందామని. ముప్పై రెండేళ్ళ వయసు, పిల్లలిద్దరూ బడికి పోతున్నారు, ఇంట్లో పొద్దు పోవడం లేదు. ఆవిడ నా చేతికి జాకెట్టు గుడ్డ ఇవ్వలేదు సరికదా, మూడు నెలలు పాత చీరలు మడత పెట్టించారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నాకసలే ముక్కు మీద కోపం. జాకెట్లు ఎప్పుడు నేర్పుతారండీ అని ఒకరోజు అడిగేశాను. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూశారు. "జాకెట్టు బాగోకపోతే ఇంకో జాకెట్టు తొడుక్కుంటారమ్మా. మోకాలు పాడైతే ఇంకో మోకాలు తొడుక్కుంటారా?" అన్నారు. మళ్ళీ చీరలు మడత పెట్టుకున్నాను.

ఆ మాట ఊరికే అన్నది కాదని తర్వాత తెలిసింది. ఆవిడ పన్నెండేళ్ళు కువైట్‌లో ఒక పెద్ద ఇంట్లో పనిచేశారు. ఇల్లంతా పాలరాయి. ఆ ఇంటావిడ కర్రతో తుడిస్తే ఒప్పుకునేది కాదట, మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డతో మూలమూలలా తుడవాలి. తిరిగొచ్చేసరికి సుగుణమ్మ గారి మోకాళ్ళు రెండూ పోయాయి. గోడ పట్టుకుని నడిచేవారు. మోకాళ్ళ మీద బరువు వెయ్యనే కూడదని అమలాపురంలో డాక్టరు గట్టిగా చెప్పి పంపారు. ఆదివారం చర్చిలో ప్రార్థనప్పుడు సంఘమంతా మోకరిస్తే ఆవిడ ఒక్కరే వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉండేవారు. కొందరు వెనక్కి తిరిగి చూడడం నేను గమనించి, మీకేమీ అనిపించదా అండీ అని అడిగాను. "నా మోకాళ్ళ సంగతి దేవుడికి తెలుసమ్మా. మన సంఘంలో ఇద్దరు ముగ్గురికే ఇంకా తెలీదు," అని నవ్వేశారు. కాసేపు కుట్టుకున్నాక, ఒక్కసారి కింద కూర్చుని ప్రార్థన చేసుకోవాలని మాత్రం ఉంటుందని నెమ్మదిగా అన్నారు. అప్పుడు నవ్వలేదు.

మెత్త లోపల ఏం పెట్టాలన్నది తేల్చుకోవడానికి ఆవిడకి రెండేళ్ళు పట్టిందట. బూరుగు దూది పెడితే రెండు ఉతుకులకి ఉండలు కట్టింది. స్పాంజి పెడితే చెమట పట్టి చర్మం చిట్లింది. కొబ్బరి పీచు కూడా పెట్టి చూశారని, వేసుకున్నావిడ రెండో రోజే తెచ్చి మొహాన కొట్టినంత పని చేసిందని ఆవిడే చెప్పి నవ్వేవారు. చివరికి బాగా వాడిన నూలు చీరలే నిలబడ్డాయి. ఎనిమిది పొరలు వేసి, బొంత కుట్టినట్టు అడ్డంగా నిలువుగా కుట్టాలి.

కొలత విషయంలో మాత్రం ఆవిడ ఎవరి మాటా వినేవారు కాదు. ఎంత పెద్దవాళ్ళయినా ఒక పాత పైజమా తొడిగించి, సిమెంటు నేల మీద మోకరింపజేసి, నేల ఆనేచోట సుద్దముక్కతో గుండ్రంగా గీత గీయాలి. నిలబడ్డప్పుడు కొలిచి కుడితే, మోకరించగానే గుడ్డ పైకి లాక్కుపోయి మెత్త తొడ మీదికి ఎక్కి కూర్చుంటుంది. అది ఒక్కొక్కరికి ఒక్కోలా ఎక్కుతుంది కాబట్టి అందాజు పనికిరాదు. ఇదంతా నాకు పాఠంలా వచ్చు. వచ్చి కూడా తప్పు చేశాను.

మా ఆయన పిన్నిగారు కరుణమ్మ గారికి యాభై ఏళ్ళు దాటాక కువైట్ వెళ్ళాల్సి వచ్చింది. కొలతకి వచ్చిన రోజు సుగుణమ్మ గారు బజారుకి వెళ్ళారు, దుకాణంలో నేనొక్కదాన్నే ఉన్నాను. నా పెళ్ళిలో నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చిన మనిషి ఆవిడ. ఎదురుపడితే నేను కుర్చీలోంచి లేచి నిలబడతాను. అలాంటి ఆవిణ్ణి నా ముందు మోకరించండని ఎలా అడగను? నోరు రాలేదు. నిలబెట్టే టేపు పెట్టి, అందాజుగా రెండు అంగుళాలు కిందికి జరిపి రాసుకున్నాను. సాయంత్రం సుగుణమ్మ గారు వచ్చి, మోకరింపజేసి కొలిచేవా అని అడిగారు. "ఆయ్" అన్నాను. మా వైపు అవునండీకి బదులు ఆయ్ అనడం ఊపిరి పీల్చినంత సులువు. ఆ ఒక్క మాటతో ఆవిడకి అబద్ధం చెప్పేశాను.

పిన్నిగారు వెళ్ళిపోయారు. పైజమాలు ఎలా ఉన్నాయండీ అని ఫోన్ చేసినప్పుడల్లా చాలా బాగున్నాయమ్మా, హాయిగా ఉన్నాయి అనేవారు. నేను గుండె మీద చెయ్యి వేసుకుని నిశ్చింతగా ఉన్నాను. నెలన్నర తర్వాత ఒక మధ్యాహ్నం ఆవిడ వీడియో కాల్ చేసినప్పుడు సుగుణమ్మ గారు ఫోన్ తీసుకున్నారు. మర్యాదలన్నీ అయ్యాక, ఫోన్ గోడకి ఆనించి ఒక్కసారి మోకరించి చూపించండి అన్నారు. పిన్నిగారు ఎందుకులెండి అంటూనే మోకరించారు. మెత్త తొడ మీద ఉంది. మోకాలు నేల మీద ఉంది. పైజమా పైకి లాగి చూపించమంటే, మోకాళ్ళు వాచి నల్లగా కమిలిపోయి ఉన్నాయి. "మా కోడలు ప్రేమగా కుట్టిందండీ, బాగోలేదని ఎలా చెప్పనండీ," అన్నారు పిన్నిగారు. అంతలో లోపలినుంచి ఎవరో పిలిచారు, ఫోన్ కట్టయింది.

నేను అడగలేకపోయాను, ఆవిడ చెప్పలేకపోయారు. మా ఇద్దరి మర్యాదల మధ్య ఆ మోకాళ్ళు నలిగిపోయాయి. ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. సుగుణమ్మ గారు తిట్టలేదు. ఎవరైనా కువైట్ వెళ్తున్నారేమో కనుక్కోమన్నారు. రాజోలు నుంచి ఒకమ్మాయి మర్నాడు ఉదయమే బయల్దేరుతోందని, సాయంత్రంలోగా ఇస్తే పట్టుకెళ్తానందని తెలిసింది. పిన్నిగారి దగ్గర టేపు లేదు, ఫోన్ మళ్ళీ ఎప్పుడు చేతికొస్తుందో తెలియదు. ఇంకో రెండు అంగుళాలు దించి కుట్టేస్తానన్నాను. "అందాజుగా ఒకసారి కుట్టేవు కదా, చాల్లే," అన్నారు ఆవిడ. నేను పొడుగ్గా, సన్నగా ఉంటాను. పిన్నిగారు పొట్టి, కాస్త లావు. ఆ దుకాణంలో సరిగ్గా ఆవిడ ఒడ్డూ పొడుగూ ఉన్నది ఒక్కరే.

సుగుణమ్మ గారేం చెయ్యబోతున్నారో పాత పైజమా అడిగినప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. వద్దండీ, వద్దండీ అని చేతులు పట్టుకున్నాను. నా చేతులు విడిపించుకుని, పైజమా తొడుక్కుని, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, మిషను బల్ల పట్టుకుని దిగడం మొదలుపెట్టారు. ఒక మోకాలు ఆనింది. పళ్ళు బిగబట్టి కళ్ళు మూసుకున్నారు. రెండోది కూడా ఆనింది. నేను సుద్దముక్క పట్టుకుని ఏడుస్తూ నిలబడిపోయాను.

"గియ్యమ్మా. రెండుసార్లు దిగలేను," అన్నారు.

గీశాను. గీత సరిగ్గానే వచ్చింది. ఆవిడ వెంటనే లేవలేదు, కళ్ళు మూసుకుని అలాగే కాసేపు ఉండిపోయారు. నొప్పి తగ్గడానికనుకున్నాను. తర్వాత పక్క కొట్టావిడా నేనూ చెరో రెక్కా పట్టుకుని లేపాం. ఆ సాయంత్రానికి రెండు జతలు కుట్టి రాజోలు పంపించాం. వారం తర్వాత పిన్నిగారు ఫోన్‌లో మోకరించి చూపించారు, అడగకుండానే. మెత్త నేల మీద ఉంది.

సుగుణమ్మ గారు మాత్రం పది రోజులు మంచం దిగలేదు. నేను రోజూ వెళ్ళి ఉప్పు మూట వేడి చేసి కాపడం పెట్టేదాన్ని. ఆ మోకాళ్ళు పట్టుకుని, నన్ను క్షమించండి అని ఎన్నోసార్లు అన్నాను. ఒకరోజు ఆవిడ విసుక్కున్నారు. "ఊరుకోమ్మా. పదేళ్ళ తరవాత మోకరించేను. ఎలాగూ దిగేను కదాని ఒక ప్రార్థన కూడా చేసేసుకున్నాను," అన్నారు. ఏం ప్రార్థన చేసేరండీ అని అడిగాను. తన మోకాళ్ళ గురించే అడిగి ఉంటారనుకున్నాను.

"నీకు ఆ మొహమాటం పోవాలని," అన్నారు.

ఇప్పుడు ఆ దుకాణం నేను నడుపుతున్నాను. కొలతకి వచ్చినవాళ్ళు నేల వంకా నా వంకా చూసి తటపటాయిస్తే, ముందు నేనే మోకరిస్తాను. నిన్న ఒక రిటైరయిన టీచరు గారు వచ్చారు, నాకు చిన్నప్పుడు చదువు చెప్పినావిడే. ఇబ్బందిగా నిలబడిపోయారు. నేను ఆవిడ ఎదురుగా మోకాళ్ళూని, రండి టీచరు గారూ, మీరూ మోకరించాలి అన్నాను. నవ్వుతూ దిగారు. ఆవిడ మోకాళ్ళ చుట్టూ సుద్దతో గీస్తూ ఉంటే ఏడుపొచ్చింది. నా మొహమాటం పోయింది. పోయిందని చెప్పుకోవాల్సిన మనిషి లేరు.