పిండితో చేసిన పంట

సురంగల్ చర్చిలో సండే స్కూలు నడిపే ఎస్తేర్‌కు ఈసారి కోత పండుగ పేరెత్తితేనే ఒళ్ళు మండిపోతోంది. దసరా దాటాక వచ్చే ఆ ఆదివారం ప్రతి ఇల్లూ తన పంటలో మొదటిది తెచ్చి చర్చిలో ముందున్న బల్ల మీద పెట్టాలి. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఎస్తేర్ పెట్టింది జొన్నకంకులే. ఈసారి పెట్టడానికి ఏముందని? ఉన్న ముప్పై గుంటల చేనూ ఉగాదికి ముందే అమ్మేశారు. మోజుపడి అమ్మలేదు. చుట్టూ ఉన్నవాళ్ళంతా అమ్ముకుని పోయి, కొన్నవాళ్ళు గోడలు లేపితే, నాగలి పోయే బాట కూడా మిగల్లేదు.

"మొయినాబాద్ మార్కెట్ల జర టమాటలు తెచ్చి పెట్టరాదు, ఎవలడుగుతరు?" అన్నాడు భర్త రత్నాకర్. చందనవెల్లి కంపెనీలో పనికి కుదిరినప్పటి నుంచి అన్నిటికీ అతని దగ్గర ఇట్లాంటి తేలిక మాటే ఉంటుంది. కొనుక్కొచ్చిన టమాటల్ని మా మొదటి పంట ప్రభువా అని దేవుడి ముందు పెట్టడానికి ఆమెకు మొహం చెల్లలేదు.

అయినా పంట లేని కొంప ఊళ్ళో ఆమెదొక్కటేనా? సండే స్కూలుకు వచ్చే పిల్లల్లో సగం మంది ఇళ్ళు అంతే. అప్పుడే ఫోనులో ఎవరో చేస్తుంటే చూసింది. గోధుమపిండిలో ఉప్పు, దాల్చినచెక్క పొడి కలిపి ముద్ద చేసి, బొమ్మలు చేసి ఎండబెడితే నెలల తరబడి వాసన వస్తాయట. పిల్లల చేత వంకాయలు, క్యారెట్లు, వరికంకులు చేయిస్తే బల్ల దగ్గర ఎవరూ వట్టి చేతులతో నిలబడక్కర్లేదు. ఆ 'ఎవరూ'లో తనూ ఉన్నానని మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు.

శనివారం చర్చి వరండాలో చాప పరిచి పిల్లల్ని కూర్చోబెట్టింది. ఫోనులో చూస్తుంటే ఎంత సులువుగా ఉండిందో, చేస్తుంటే అంత ప్రాణం తోడేసింది. దాల్చినచెక్క చాలక ఇంట్లో ఉన్న లవంగాలు, యాలకులు కూడా దంచి పోసింది. దాంతో వరండా అంతా ఒకటే దావత్ వాసన. "టీచర్, బిర్యానీ ఎప్పుడు పెడ్తరు?" అని ఒకడు. ఇంకొకతి ముద్ద నోట్లో వేసుకుని, ఉప్పు తగిలి, చాప మీదే ఉమ్మింది. పైన ముసురు. చేసిన బొమ్మ చేసినట్టే చెమ్మ పట్టి మెత్తబడిపోతోంది.

పోనీ చేసినవైనా పంటలా ఉన్నాయా అంటే అదీ లేదు. అరుణ్ అనేవాడు ముద్దకు నాలుగు చక్రాలు పెట్టి, ముందుకో చెయ్యి పెట్టాడు.

"పంట చెయ్యమంటె ఇదేందిరా?"

"జేసీబీ టీచర్. మా నాయన నడుపుతడు."

"జేసీబీ పంట ఎట్లయితదిరా?"

"మాకు బువ్వ పెట్టేది గదే గద టీచర్."

పళ్ళు కొరుక్కుని పక్కకు తిరిగింది. అక్కడ ప్రియ తలవంచుకుని పిండితో సన్నటి ఊచలు పేర్చుతోంది. వాటి మధ్యలో ముందు కాళ్ళెత్తిన గుర్రం.

"ఇదేంది బిడ్డా?"

"గేటు టీచర్. మా బాపు కావలి ఉంటడు గద, ఆ ఫాంహౌస్‌ది. తీసి మూస్తె జీతమిస్తరు."

గుర్రం బొమ్మ గేటు సురంగల్లో ఒక్కటే ఉంది. ఎస్తేర్ వాళ్ళు అమ్ముకున్న చేనికి పెట్టిన గేటది. ఇంతసేపూ బిగబట్టుకున్న కోపమంతా ఆ పిల్ల మీదికి వచ్చింది.

"తీసెయ్ దాన్ని. కాకరకాయ చెయ్."

"మా ఇంట్ల కాకరకాయ లేదు టీచర్," అంది ప్రియ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ ఊచల మీది నుంచి చెయ్యి తియ్యలేదు. ఎస్తేర్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆమె కూడా ఒక ముద్ద తీసుకుంది. పొడుగ్గా ఒత్తి, కింద కాడ గుచ్చి, పైనంతా మసాలా డబ్బాలోని ధనియాలు దగ్గర దగ్గరగా అద్దింది. చేతులు వాటంతటవే చేసుకుపోయాయి.

పిల్లలు చుట్టూ మూగారు. "మాట్లాడే మైకా టీచర్?" అన్నాడు అరుణ్.

"జొన్నకంకి."

"గదెట్లుంటది?"

"ఇట్లనే ఉంటది," అంది. ఊడిన ధనియాన్ని మళ్ళీ అద్దింది.

ఎండ లేదు కాబట్టి అన్నింటినీ ఇంటికి మోసుకుపోయి పెనం మీద సన్నసెగన ఆరబెట్టింది. సగం పగుళ్ళిచ్చాయి. గేటుకూ కంకికీ ఏమీ కాలేదు.

ఆదివారం పొద్దున బల్ల మీద సొరకాయలు, బంతిపూలు, ఒక కోడి, వాటి పక్కన జేసీబీ. చూసిన పెద్దవాళ్ళు నవ్వుకున్నారు. నవ్వుకోనీ అనుకుంది ఎస్తేర్. బియ్యం పోసిన పళ్ళెంలో ప్రియ గేటును నిలబెట్టింది. తరవాత జొన్నకంకిని చేతిలోకి తీసుకుని వెనక్కి తిరిగింది.

"టీచర్, ఇది గేటు లోపట పెట్టాల్నా, బయటనా?"

ఎస్తేర్ వేలితో గేటు వెనక్కి చూపించింది. "లోపట పెట్టు బిడ్డా. అది అక్కడిదే."

ప్రియ గేటు వంక చూసింది, కంకి వంక చూసింది. కాదన్నట్టు తల ఊపింది.

"లోపటికి ఎవ్వల్ని రానియ్యొద్దన్నరు టీచర్. మా బాపును తిడ్తరు."

అని కంకిని గేటు బయట, బియ్యంలో జాగ్రత్తగా గుచ్చింది. ఎస్తేర్ దాన్ని అక్కడే ఉండనిచ్చింది.